డాబా మీద చెప్పుకున్న కోళ్ళు

అద్దెకు చూసిన ఆ ఇంట్లో వంటగది ఇరుకు. స్నానాలగది తలుపు సరిగ్గా పడదు. ముందుగదిలో గోడ పెచ్చులూడుతోంది. అయినా పొట్టి, వెనకవైపు తలుపు తీసి గుమ్మంలో కాసేపు నిలబడి, "ఇదే తీసుకుందాం" అంది.

భర్త ఆమె భుజం మీదుగా తొంగిచూశాడు. విరిగిన కుర్చీలు, పగిలిన పూలకుండీలు, తుప్పు పట్టిన మంచం, గోడవారగా వానకు నాని ఎండకు ఎండిన పాత చెక్క అలమర. వాటి మధ్య మోకాలెత్తు గడ్డి.

"ఇందులో ఏం నచ్చింది నీకు?"

"నేల" అంది పొట్టి.

ఆమెకు ఆ పేరు పెట్టింది తోడికోడలు. తోడికోడళ్ళ గురించి లోకానికి ఒక లెక్క ఉంది. ఒకరు నవ్వితే రెండోవారికి ముద్ద దిగదని. ఈ ఇద్దరూ ఆ లెక్కకు అందలేదు. పొట్టికి తల్లి చిన్నప్పుడే పోతే పినతల్లి ఇంట్లో పెరిగింది. పెట్టింది తిని, ఇచ్చింది కట్టుకుని, ఎవరి కాళ్ళకూ అడ్డం పడకుండా మసలడం నేర్చుకుంది. పెళ్ళై వచ్చిన ఇంట్లో, మొదటిసారిగా ఒక మనిషి ఆమె పళ్ళెంలోకి చూసి, "ఇంతేనా తినేది? అందుకే పొట్టిదానిలా ఉండిపోయావ్" అంది. అలా అన్నది పెద్దకోడలు. ఆ పూట నుంచి ఆమె అక్క, ఈమె పొట్టి.

అన్నదమ్ములిద్దరూ మెకానిక్కులు. ఒకే షెడ్డులో బళ్ళు బాగుచేసేవారు. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండుకుని తినేవారు. అత్తామామలు పోయాక కూడా అలాగే ఉన్నారు. పొట్టికి పిల్లలు కలగలేదు. అక్క కూతురే ఇద్దరికీ కూతురు. ఆ పిల్ల పెద్దదై చదువుకని హాస్టల్లో చేరిన రోజున, ఎవరు ఎక్కువ ఏడ్చారో చెప్పమంటే చెప్పడం కష్టం.

వాళ్ళు ఉన్నది రెండో అంతస్తు. నేలన్నది మెట్లు దిగితే తప్ప కనిపించదు. సాయంత్రం బట్టలు తీయడానికి ఇద్దరూ డాబా ఎక్కేవారు. బట్టలు మడిచేది కాసేపే. తర్వాత నీళ్ళట్యాంకు నీడలో కూర్చుని అక్క కోళ్ళ గురించి చెప్పేది.

"నేల దొరకనీ, చెప్తా. గూడు తూర్పు మొహంగా పెట్టాలే. పొద్దుటెండ లోపల పడాలి. అవి పడుకునే కర్ర ఎత్తులో ఉండాలి. గుడ్లు పెట్టే చోటు దానికంటే కిందికుండాలి. లేకపోతే గుడ్ల చోటే ఎక్కి పడుకుని పాడుచేస్తాయి, మొద్దు మొహాలు."

"గాలో?"

"గాలి పైనుంచి పోవాలి. పడుకున్నదాని వీపుకి తగలకూడదు. నీకు తగిలితే నువ్వు పడుకుంటావా?"

"ఎన్ని పెంచుదాం అక్కా?"

"నీకు రెండు, నాకు రెండు. పోట్లాడుకుంటే మనం విడదీద్దాం."

ఆలూ లేదు, చూలూ లేదు, కోళ్ళకు మాత్రం పేర్లు కూడా పెట్టేశారు. బట్టలు తీసినా తీయకపోయినా, ఆ కబుర్లు లేనిదే పొట్టికి సాయంత్రం అయినట్టుండేది కాదు.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. ఒకరోజు షెడ్డులో తమ్ముడు బ్రేకులు సరిచేసిన బండి మళ్ళీ వెనక్కి వచ్చింది. అన్న నలుగురి ముందూ, "నీ చెయ్యి పడ్డ బండి నా దగ్గరికి రాక ఎక్కడికి పోతుంది!" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నలుగురూ నవ్వారు. తమ్ముడు చేతిలో స్పానరు కింద పెట్టి, చేతులు తుడుచుకుని బయటికి నడిచాడు. అన్న పిలవలేదు, తమ్ముడు తిరిగి చూడలేదు. ఆ నెల గడవకముందే ఒక ఇల్లు రెండిళ్ళయింది. అన్నగారు ఊరికి ఆ చివర చిన్న ఇల్లు చూసుకున్నాడు. తమ్ముడు ఈ చివరికి వచ్చి పడ్డాడు, వేరే వాళ్ళ షెడ్డులో పనికి కుదిరాడు.

ఆడవాళ్ళిద్దరికీ తగాదా లేదు. మొదట్లో రోజూ ఫోన్లు చేసుకున్నారు. కానీ మాట్లాడబోతే ప్రతి మాటకూ మగవాళ్ళెవరో ఒకరు అడ్డం వచ్చేవారు. ఆయన ఎలా ఉన్నాడని అడిగితే అటు ఇబ్బంది, అడగకపోతే ఇటు వెలితి. తప్పించుకుంటూ తప్పించుకుంటూ చివరికి మిగిలింది ఇంతే: "ఏం చేస్తున్నావ్?" "ఏం లేదు, నువ్వు?" "ఏం లేదు." "సరే, ఉంటా మరి." ఫోను పెట్టేశాక పొట్టికి ఆ 'ఉంటా' అన్న మాట చాలాసేపు చెవిలోనే ఉండేది.

అందుకే ఆమెకు ఆ నేల నచ్చింది. గూడు కట్టి, కోళ్ళను తెచ్చి, అప్పుడు అక్కను పిలవాలి. ముందు చెప్పకూడదు. వెనక తలుపు తీసి, "చూడు" అనాలి. ఆ తర్వాత అక్క ఎలా వెళ్ళగలదు? వెళ్ళినా మర్నాడు రాకుండా ఎలా ఉండగలదు?

ఇంటి యజమానురాలిని అడిగితే, "పెంచుకో. కానీ పుంజు మాత్రం వద్దు. మా ఇంట్లో ఇప్పటికే ఒకటుంది, నోరు తెరిచి పడుకుంటుంది. ఇంకో గొంతు నేను భరించలేను" అంది. మూలనున్న అలమర సంగతి అడిగితే, "అదా? మా అత్తగారిది. దానికి కాస్త ఉపయోగం కలిగితే ఆవిడ ఆత్మకే శాంతి" అంది.

పొట్టి పని కళ్ళజోళ్ళ దుకాణం వెనకగదిలో. అద్దాల అంచులు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. వెంట్రుకవాసి తేడా కూడా పట్టేస్తుందని ఆమెకు పేరు. ఆ చేతులే చెక్క దగ్గరికి వచ్చేసరికి బెత్తెడు తేడా చేశాయి. అలమర కాళ్ళ కింద ఇటుకలు పెట్టి తూర్పు మొహంగా నిలబెట్టింది. మధ్య అరలు ఊడబీకి, ఒకదాన్ని గుడ్లకు కింద బిగించి, పైన పడుకోవడానికి నున్నటి కర్ర అడ్డంగా కొట్టింది. పైభాగంలో గాలికి రంధ్రాలు తొలిచింది. పైన వాలుగా రేకు వేసింది. ఏ మేకు కొడుతున్నా అక్క గొంతే వినిపించేది. 'ఎత్తులో ఉండాలే. వీపుకి తగలకూడదే.'

గూటికి ముందు, కోళ్ళు పగలంతా తిరగడానికి జాలీతో ఆవరణ కట్టాలి. పాత మంచం పట్టీలు, ఇనుప గొట్టాలు పాతి, వాటి చుట్టూ జాలీ లాగి తీగతో కట్టసాగింది. అక్కడే అసలు తంటా వచ్చింది. జాలీ ఒక చివర కడితే రెండో చివర చుట్టచుట్టుకుని వచ్చి మొహాన తగులుతుంది. అటు కాలేసి తొక్కి, ఇటు చేత్తో లాగి, నోట్లో తీగ పట్టుకుని, ఆమె ఒక్కతే కుస్తీ పట్టింది. ఈ పనికి ఇద్దరు కావాలి. అది తెలుస్తున్నకొద్దీ ఆమెకు ఒళ్ళు మండలేదు, అక్క గుర్తొచ్చింది. అక్క ఉంటే అటు చివర పట్టుకుని, ఈపాటికి ఏదో ఒకటి అని నవ్వించి ఉండేది.

భర్త గుమ్మంలో టీ తాగుతూ చూస్తున్నాడు.

"ఇల్లు కట్టి చూడు అన్నారు గానీ, కోడికి ఇల్లు కట్టి చూడు అనలేదు ఎవరూ."

"మాటలకేం, వచ్చి పట్టుకోవచ్చుగా."

"నా చెయ్యి పడితే మళ్ళీ వేరే ఎవరో వచ్చి బాగుచెయ్యాలేమో" అన్నాడు అతను. నవ్వుదామనుకున్నాడు గానీ నవ్వు రాలేదు. గ్లాసు గట్టు మీద పెట్టి వచ్చి, జాలీ రెండో చివర పట్టుకున్నాడు. చీకటి పడేదాకా ఇద్దరూ ఆ పనే చేశారు. ఆ మాట మళ్ళీ ఇద్దరూ ఎత్తలేదు.

తలుపు మాత్రం పొట్టి తన కొలతకు పెట్టుకుంది. దాంట్లోంచి దూరబోయి భర్త నుదురు కొట్టుకున్నాడు. "పొట్టివాళ్ళ రాజ్యం" అన్నాడు నుదురు రుద్దుకుంటూ.

ఒక ఆదివారం నాలుగు పెట్టలను గంపలో తెచ్చారు. ఒకటి తెల్లది, రెండు ఎర్రవి, ఒకటి మెడ మీద ఈకలు లేనిది. డాబా మీద పెట్టుకున్న పేర్లు పొట్టి వాటికి పెట్టలేదు. అవి అక్క వచ్చి పెట్టాలి. మొదటి వారం అవి బెదురుగా మూల నక్కాయి. రెండో వారానికి ఆమె అడుగు చప్పుడు గుర్తుపట్టి జాలీ దగ్గరికి పరుగెత్తుకొచ్చాయి. తెల్లదే మొదటి గుడ్డు పెట్టింది. ఇంకా వెచ్చగా ఉన్న ఆ గుడ్డును అరచేతిలో పెట్టుకుని పొట్టి ఫోను తీసింది. మళ్ళీ పెట్టేసింది. అన్నీ పెట్టడం మొదలెట్టాక పిలుద్దాం అనుకుంది. ఇంకాస్త గడ్డి పీకి, ఇంకాస్త బాగుచేసి, అప్పుడు.

అలా ఆ రోజూ ఈ రోజూ అంటూ ఉండగానే, ఒక మధ్యాహ్నం పని నుంచి వచ్చేసరికి ఇంటి యజమానురాలు వీధిలోనే ఎదురైంది. "కుక్కమ్మా! నేను కర్ర తీసుకొచ్చేలోపలే..." అంటోంది. పొట్టి పరుగెత్తింది. జాలీ కింద మట్టి తవ్వి ఉంది. కుక్క దూరేంత గుంట. తెల్ల ఈకలు గడ్డి మీద, తీగల్లో, ఇటుకల సందుల్లో. మిగిలిన మూడూ గూట్లో పైకర్ర మీద ఒకదాన్నొకటి అదుముకుని, శబ్దం లేకుండా కూర్చున్నాయి.

అప్పుడు ఆమె ఏమీ ఆలోచించలేదు. ఫోను తీసి, "అక్కా, తెల్లదాన్ని కుక్క తీసుకుపోయింది" అని ఏడ్చేసింది.

"ఏ తెల్లది? ఎవరే? సరిగ్గా చెప్పు."

పొట్టి అంతా చెప్పింది. అలమర, కర్ర, జాలీ, గుడ్డు. వెక్కుతూ, ముందుదీ వెనకదీ కలిపేసి. అక్క చివరికి, "జాలీ భూమిలోకి దింపావా?" అంది.

"లేదు. నువ్వు అది చెప్పలేదుగా."

"నేను చెప్పలేదా?" అంది అక్క. తర్వాత, "రేపు వస్తా. పలుగూ పారా ఉన్నాయా?" అంది.

మర్నాడు అక్క బస్సు దిగి వచ్చింది. పొట్టి వీధి చివరిదాకా ఎదురెళ్ళింది. ఎన్నాళ్ళకో చూసిన ఆ మొహం కాస్త నిండుగా, కంటి కింద నలుపు తగ్గి కనిపించింది. 'నేను లేకుండా చిక్కిపోయి ఉంటుంది' అనుకున్న పొట్టికి, ఆ ఆరోగ్యం చూసి సంతోషమూ కలిగింది, ఎక్కడో చిన్న ముల్లూ గుచ్చుకుంది.

వెనక తలుపు తీసి "చూడు" అంది. అనుకున్నట్టు అనలేకపోయింది.

అక్క గూడంతా తిరిగి చూసింది. వంగి లోపలికి తల పెట్టింది. పైకర్ర పట్టుకుని ఊపింది, కదల్లేదు. గుడ్ల అర మీద చెయ్యి వేసి రాసింది. "ఇవన్నీ నేను చెప్పినవేనా?" అంది నెమ్మదిగా.

"అన్నీ నువ్వు చెప్పినవే."

అక్క చీర కొంగు నడుముకు దోపింది. ఇద్దరూ కలిసి ఆవరణ చుట్టూ జానెడు లోతున కాలువలా తవ్వారు. కొత్త జాలీ కోసి, కొంత నేలలోకి దింపి, కొంత బయటివైపు మడిచి పరిచి, పైన రాళ్ళు పేర్చి మట్టి కప్పారు. "కుక్క జాలీవారనే తవ్వుతుంది. తవ్వితే గోళ్ళకు తీగ తగులుతుంది. ఇంకాస్త వెనక్కి జరిగి తవ్వే తెలివి దానికుంటే, అది కుక్కగా ఎందుకు పుడుతుంది?" అంది అక్క. పొట్టి నవ్వింది. ఆ నవ్వు తన గొంతులోంచి వచ్చి ఎంతకాలమైందో ఆమెకే గుర్తులేదు. పని తొందరగా అయిపోతోందని దిగులేసి, మట్టిని కొంచెం కొంచెంగా ఎత్తిపోసింది.

పనయ్యాక ఇద్దరూ గడ్డిలో కూర్చున్నారు. ఎర్రపెట్ట ఒకటి అక్క కాలివేలిని పొడిచి చూసింది. అక్క కాలు వెనక్కి తీసుకుంది.

"పేర్లు పెట్టు అక్కా. నువ్వే పెట్టాలని ఆపాను. రెండు నీవి. ఇప్పుడంటే మూడే ఉన్నాయి, ఇంకోటి తెద్దాం. నువ్వు వారానికోసారి వచ్చినా చాలు. తర్వాత, వీళ్ళిద్దరి కోపాలూ చల్లారాక, పక్కవాటా ఖాళీ అవుతుందంట..."

అక్క ఆమె చెయ్యి పట్టుకుంది. "పొట్టీ, నాకు కోళ్ళంటే అంత ఇష్టం లేదే."

పొట్టికి అర్థం కాలేదు.

"చిన్నప్పుడు మా ఇంట్లో ఓ కోళ్ళ మంద ఉండేది. వాటి పెంట ఎత్తీ ఎత్తీ నా చేతులు కంపు కొట్టేవి. పెళ్ళయి వస్తూ, ఇక జన్మలో కోడి మొహం చూడననుకున్నా."

"మరి... రోజూ చెప్పేదానివిగా. నేల దొరకనీ అని."

"నువ్వు వచ్చిన కొత్తలో సాయంత్రం అయ్యేసరికి మొహం ఇంత చేసుకుని మూల కూర్చునేదానివి. ఏమైందంటే చెప్పేదానివి కాదు. ఒకరోజు ఏం తోచక కోళ్ళ సంగతి ఎత్తాను. నువ్వు కళ్ళింత చేసుకుని విన్నావు. మర్నాడు నువ్వే అడిగావు, తర్వాతేంటక్కా అని. ఇక ఆపలేకపోయాను. తెలిసినవి అయిపోతే కల్పించి కూడా చెప్పాను."

పెట్టలు మట్టిలో గోకుతున్నాయి. పొట్టి వాటినే చూస్తోంది.

"ఇంకో మాట కూడా చెప్పాలి" అంది అక్క. "నీ దగ్గర దాస్తే తప్పు. నాకు అక్కడ బాగుందే. ఒక గదే. పొద్దున్నే లేవకపోయినా అడిగేవాళ్ళు లేరు. ఇన్నేళ్ళూ, నేను లేకపోతే ఆ ఇల్లు కదలదనుకున్నా. తన కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లారదనుకుందే ముసలమ్మ, అలా. అత్తగారి మందులు, మామగారి కోపాలు, అందరి వంటా, అందరి బట్టలూ. నీకది ఇల్లు. నాకది పని. నువ్వంటే ప్రాణమే, అది వేరు. కానీ మళ్ళీ అందరం ఒక చోట అంటే, నా వల్ల కాదు."

పొట్టి తలూపింది. కోపం వస్తే బాగుండేదనిపించింది, రాలేదు. తను తిరిగి తిరిగి తలుచుకున్న ఆ సాయంత్రాల వెనక, ఆ మనిషి రోజంతా ఎంత అలిసిపోయి మెట్లెక్కి వచ్చేదో, ఏ రోజూ ఆలోచించలేదు. అంత అలిసిపోయి కూడా, తన కోసం కూర్చుని, లేని ఇష్టాన్ని తెచ్చుకుని చెప్పింది. అది తలుచుకుంటే అక్క ఇంకా దగ్గరగా అనిపించింది, ఇంకా దూరంగా కూడా.

"ఏడుస్తున్నావా?"

"లేదు. మట్టి పడింది కంట్లో."

"రెండు కళ్ళలోనా?" అంది అక్క. తన కళ్ళు కూడా తుడుచుకుంది.

పొద్దు వాలుతుండగా వీధిలో మోటార్ సైకిలు ఆగింది. బావగారు అక్కను తీసుకెళ్ళడానికి వచ్చాడు. గేటు దగ్గరే నిలబడ్డాడు, లోపలికి రాలేదు. సరిగ్గా అప్పుడే భర్త పని నుంచి వచ్చాడు. అన్నదమ్ములిద్దరూ గేటుకు అటొకరు, ఇటొకరు. ఒకరి మొహం ఒకరు చూడలేదు, ఇద్దరూ బండినే చూశారు.

"చైను వదులైంది" అన్నాడు తమ్ముడు.

"తెలుసు."

"తెలిస్తే బిగించుకోవాలి."

"ఊళ్ళోవాళ్ళ బళ్ళతోనే సరిపోతోంది."

తమ్ముడు లోపలికి వెళ్ళాడు. స్పానర్లు తెచ్చి గేటు పక్క గోడ మీద పెట్టి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాడు. అన్న ఆ స్పానర్ల వంక కాసేపు చూశాడు. తర్వాత తీసుకుని, కింద కూర్చుని, తనే చైను బిగించుకుని, వాటిని గుడ్డతో తుడిచి మళ్ళీ అక్కడే పెట్టాడు. అక్క బండెక్కింది. పొట్టి ఇచ్చిన గుడ్ల సంచీని ఒళ్ళో పెట్టుకుని, మలుపు తిరిగేదాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది.

ఆ తర్వాత పొట్టి కోళ్ళను ఇచ్చేస్తుందేమోనని భర్త అనుకున్నాడు. ఆమె ఇవ్వలేదు. వాటిమీద ఆమెకు నిజంగానే ప్రేమ పుట్టేసింది, ఎవరి కోసం తెచ్చినా సరే. తనే పేర్లు పెట్టింది, డాబా పేర్లు కాదు, కొత్తవి. మెడ మీద ఈకలు లేనిదానికి ఇంటి యజమానురాలి భర్త పేరు పెట్టి, ఆవిడకు మాత్రం చెప్పలేదు. సాయంత్రాలు జాలీ పక్కన కూర్చున్నప్పుడు, పక్కన ఖాళీగా ఉన్న చోటు ఆమెకు తెలుస్తూనే ఉండేది. ఆ ఖాళీ నిండుతుందని ఇదివరకు ఎదురుచూసేది. ఇప్పుడు ఎదురుచూపు పోయింది, ఖాళీ మాత్రం ఉంది.

వానలు మొదలయ్యాక ఒకనాడు అక్కే ఫోను చేసింది. "జ్వరంగా ఉందే. ఒంట్లో ఓపిక లేదు. ఒకసారి వస్తావా?"

పొట్టి సెలవు పెట్టి వెళ్ళింది. అక్క ఇంటికి వెళ్ళడం అదే మొదటిసారి. ఒక్క గది, దానికి ఆనుకుని వంటగది. అన్నీ ఎక్కడివక్కడ సర్ది ఉన్నాయి. కిటికీ దగ్గర ఒక కుర్చీ, దాని మీద చిన్న దిండు, పక్కన గ్లాసు పెట్టుకోవడానికి పీట. అది ఒక్క మనిషి కూర్చోవడానికి ఏర్పాటు చేసుకున్న చోటు. పాత ఇంట్లో అక్కకు తనదంటూ ఒక కుర్చీ ఉండేదా అని పొట్టి గుర్తు చేసుకోబోయింది. గుర్తు రాలేదు. అక్క కూర్చుని ఉండటమే గుర్తు రాలేదు, ఆ డాబా మీద తప్ప.

వంట చేసింది. బట్టలుతికింది. అక్క తల నిమురుతూ మంచం పక్కన కింద కూర్చుంది.

"కుర్చీ తెచ్చుకోవే."

"వద్దులే. ఇక్కడే బాగుంది."

అక్క కళ్ళు మూసుకుంది. "ఏదైనా చెప్పు" అంది.

పొట్టి కోళ్ళ సంగతులు చెప్పింది. వాన పడితే ఎర్రది గూట్లోంచి మెడ మాత్రం బయటపెట్టి ఎలా చూస్తుందో, పైకర్ర మీద మధ్య చోటు కోసం మూడూ ఎలా తోసుకుంటాయో. అక్క వింటూ వింటూ నిద్రపోయింది. కోళ్ళంటే ఇష్టం లేని మనిషి అంత హాయిగా ఎలా నిద్రపోయిందో గానీ, పొట్టి చాలాసేపు ఆపకుండా చెబుతూనే ఉంది. బావగారు పని నుంచి వచ్చి, గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, అక్కడే నిలబడి కొంత విన్నాడు.

ఆమె ఇల్లు చేరేసరికి వాన వెలిసింది. భర్త కోళ్ళను గూట్లోకి తోలి, గడియ వేసి, జాలీకి తల ఆనించి నిలబడి ఉన్నాడు.

"వదినకెలా ఉంది?"

"తగ్గుతోంది."

"అన్నయ్య ఉన్నాడా?"

"ఉన్నారు."

అతను గడియ ఒకసారి తీసి మళ్ళీ వేశాడు. "నా గురించేమైనా అడిగాడా?"

అబద్ధం చెబుదామా అనుకుంది పొట్టి. నోటిదాకా వచ్చింది కూడా.

"అడగలేదు. బయల్దేరేముందు నేనే చెప్పాను. కొత్త షెడ్డు సంగతి, నీ నడుంనొప్పి సంగతి."

"మధ్యలో లేచి వెళ్ళిపోయుంటాడు."

"లేదు. విన్నారు."

"మొత్తం విన్నాడా?"

"మొత్తం విన్నారు" అంది పొట్టి.